రోగి పళ్ళెం, వంటమనిషి సెలవు

(శాఖా కార్యదర్శులు, ఆసుపత్రి వంటశాలల సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిక్షణ తరగతులలో కరవు భత్యం, పింఛను, పదోన్నతులు, బదిలీలు – వీటిని గురించి ప్రసంగించడం మనకు పరిపాటి. ఈ పూట కార్యక్రమంలో "రోగులకు, వృద్ధులకు, పసివారికి నిరపాయకరమైన ఆహారం" అని అచ్చువేసి వుండటం చూచి, ఇది డాక్టర్లు చెప్పవలసిన విషయం కదా, సంఘానికి ఇందులో ఏమి పని అని మీలో కొందరు అనుకొని వుంటారు. టీ విరామంలో ఒక మిత్రుడు ఆ మాట అడిగారు కూడా. డాక్టర్లు చెప్పవలసినది చెబుతూనే వున్నారు. అది వంటశాల గోడమీద అంటించి వుంటుంది. గోడమీది ఆ కాగితానికీ, గరిటె పట్టిన చేతికీ మధ్య ఏమి జరుగుతున్నదో చూడటం మన పని. అది పని గంటల విషయం, సిబ్బంది సంఖ్య విషయం, సెలవు విషయం. ఇవి మనవి కాక మరెవరివి?

ముందుగా మనం ఎవరికి వడ్డిస్తున్నామో తెలుసుకోవాలి. పట్టాల మీద పనిచేసే ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడు పాచిన పప్పు తింటే ఒక రాత్రి విరేచనాలతో బాధపడి, మజ్జిగ త్రాగి, మూడవనాటికి డ్యూటీకి వస్తాడు. అదే పప్పు డయాలిసిస్ మీద వున్న మనిషి తిన్నా, కేన్సరు చికిత్స పొందుతున్న మనిషి తిన్నా, డెబ్బై అయిదేళ్ళ పింఛనుదారు తిన్నా, ఏడాది నిండని బిడ్డ తిన్నా సంగతి వేరు. వారి శరీరాలలో ఎదురుతిరిగే శక్తి తక్కువ. కడుపులోని ఆమ్లం సూక్ష్మజీవులకు మొదటి కాపలాదారు. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు నెలల తరబడి మ్రింగేవారిలో ఆ కాపలా సడలుతుంది. ఈ మాత్రలు వాడే పెద్దవారు మన పింఛనుదారులలో ఎందరున్నారో మీ శాఖలో ఒకసారి అడిగి చూడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్లమంది జబ్బుపడుతున్నారు, 4,20,000 మంది మరణిస్తున్నారు. మరణించేవారిలో 1,25,000 మంది అయిదేళ్ళలోపు పిల్లలు. జనాభాలో నూటికి 9 మందిగా వున్న ఈ పిల్లలు వ్యాధి భారంలో నూటికి 40 వంతులు మోస్తున్నారు.

గర్భిణుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 1955-56లో ఢిల్లీ నగరంలో సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. యమునానది పాయ మారి, మురుగుకాలువ నీరు నగరానికి నీళ్ళు తోడే చోటికి వచ్చి చేరింది. ఆనాడు ఆ జబ్బుకు కారణమైన క్రిమికి పేరైనా లేదు. నిల్వ వుంచిన రక్త నమూనాలను చాలాకాలం తరువాత పరీక్షించి అది హెపటైటిస్-ఇ అని తేల్చారు. తక్కినవారిలో చాలామంది కోలుకున్నారు. గర్భిణులలో మరణాలు ఎక్కువగా జరిగాయి. చివరి మూడు మాసాలలో ఈ జబ్బు తగిలిన గర్భిణులలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించవచ్చునని ఈనాడు ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒకే కుళాయి, ఒకే నీళ్ళు. ఒకరికి పదిరోజుల నీరసం, ఒకరికి ప్రాణాపాయం. లిస్టీరియా అనే మరొక సూక్ష్మజీవి వున్నది. అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. తల్లికి కొద్దిపాటి జ్వరం మాత్రమే తెప్పించి కడుపులోని బిడ్డను తీసుకొనిపోగలదు. ఫ్రిజ్‌లో పెట్టాము గనుక చెడదనే ధీమా ప్రసూతి వార్డుకు పనికిరాదు.

ఇక అన్నం సంగతి. మాంసమన్నా, చేపలన్నా, గుడ్లన్నా మనకు కొంత జాగ్రత్త వుంటుంది. అన్నాన్ని మాత్రం మనం శంకించము. మరిగే నీళ్ళలో వుడికినదానికి దోషమేమిటనుకుంటాము. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి తరచుగా వుంటుంది. అది గట్టి కవచం కట్టుకొని బీజరూపంలో నిద్రపోతూ వుంటుంది. వుడికించినంత మాత్రాన ఆ బీజాలన్నీ చావవు. అన్నం 60 డిగ్రీలకు పైన వేడిగా వున్నంతవరకు పెరగవు. గోరువెచ్చన కాగానే మేల్కొని పెరుగుతాయి, పెరుగుతూ ఒక విషాన్ని విడుస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేస్తే పోదు. "తిరిగి మరగబెట్టాము సార్" అనే సమాధానం ఇక్కడ చెల్లదు.

అనుకూలమైన వెచ్చదనంలో ఇటువంటి సూక్ష్మజీవులు సుమారు ఇరవై నిమిషాలకు ఒకసారి రెండింతలు అవుతాయి. ఒకటి నాలుగు గంటలలో 4,096 అవుతుంది. లెక్క మీరే వేసి చూడండి. తపాలా సార్టింగు చేసినవారికీ, గూడ్సు లెక్కలు వ్రాసినవారికీ అది కష్టం కాదు. ఇక ఇరవై కిలోల బియ్యం వండిన గుండిగను తలచుకోండి. పైపొర చల్లబడుతుంది, చేయి పెట్టి చూచినవారికి చల్లగా తగులుతుంది. నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగానే వుంటుంది. పెద్దపాత్రలోని పప్పుకూ, మాంసం కూరకూ కూడా ఇదే గతి. అక్కడ పెరిగే సూక్ష్మజీవి వేరు, గాలి ఆడని అడుగుభాగం దానికి మరీ ఇష్టం. అందుచేత వండినదానిని రెండు గంటలకు మించి బయట వుంచరాదనీ, వేడిదానిని 60 డిగ్రీలకు పైన, చల్లనిదానిని 5 డిగ్రీలకు లోపల వుంచాలనీ చెబుతారు. నిల్వ చేయక తప్పకపోతే లోతులేని పళ్ళేలలో పలుచగా పరచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది – మన తాతలు చద్దన్నం తిని నూరేళ్ళు బ్రతికారు కదా అని. చద్దన్నాన్ని మేము నిందించడం లేదు. నీళ్ళు పోసి, మజ్జిగ కలిపి పులియనిచ్చిన అన్నంలో పులుపు పెరుగుతుంది. ఆ పులుపులో చాలా క్రిములు తలయెత్తలేవు. మూతపెట్టిన గుండిగలో మగ్గిన అన్నం అటువంటిది కాదు. పైగా, ఆ చద్దన్నం తిన్నది పొలం దున్నే మనిషి, డయాలిసిస్ మీద వున్న మనిషి కాదు. నూరేళ్ళు బ్రతికిన తాతను మనం జ్ఞాపకం పెట్టుకున్నాము. విరేచనాలతో పురిటిలోనే పోయిన పిల్లలను లెక్కపెట్టినవారు లేరు.

కొన్నేళ్ళ క్రితం ఒక డివిజనల్ ఆసుపత్రిలో – పేరు ఇక్కడ అవసరం లేదు – రెండు మాసాల వ్యవధిలో మూడు వార్డులలో విరేచనాలు కనిపించాయి. పాలనా విభాగం "పరిశుభ్రత పాటించవలెను" అని ఒక మెమో ఇచ్చింది. కాంట్రాక్టరు ఒక సహాయకురాలిని పనిలోనుండి తొలగించాడు. చర్య తీసుకున్నామని కాగితం పైకి వెళ్ళింది. విరేచనాలు ఆగలేదు. ఆమె తొలగింపు మీద ఫిర్యాదు సంఘానికి వచ్చింది. మేము ముగ్గురం అనుమతి తీసుకొని, ఒక నోటుపుస్తకం, ఒక గడియారం, మార్కెట్లో కొన్న ఒక ధర్మామీటరు వెంటబెట్టుకొని మూడు రోజులు ఆ వంటశాలలో కూర్చున్నాము.

గిన్నెలు తళతళలాడుతున్నవి. నేల కడిగి వున్నది. పరిశుభ్రతకు లోటు లేదు. లోటు గడియారంలో వున్నది. రాత్రి భోజనం కొరకు అన్నం మధ్యాహ్నం మూడున్నరకు దించుతున్నారు. ఎందుచేత? వంటవాని డ్యూటీ నాలుగింటితో ముగుస్తున్నది గనుక. పొదుపు పేరిట సాయంకాలపు షిఫ్టును ఎత్తివేసి, రెండు పూటల వంటను ఒక్క షిఫ్టులోకి నెట్టారు. వడ్డన బండి వార్డులకు కదిలేది ఏడు గంటలకు. చివరి వార్డు, అంటే మెట్లెక్కి పోవలసిన స్త్రీల వార్డు, పళ్ళెం చూచేది ఏడూ నలభైకి. నాలుగు గంటల పది నిమిషాలు. గుండిగ నడుమ మేము పెట్టిన ధర్మామీటరు ఆ సమయంలో 41 డిగ్రీలు చూపింది. మెమో వ్రాసిన అధికారి గాని, తనిఖీకి వచ్చినవారు గాని "ఎప్పుడు వండారు, ఎప్పుడు వడ్డించారు" అనే ప్రశ్న ఒక్కసారైనా వేయలేదు. ఎంత శుభ్రంగా వున్నదని మాత్రమే చూచి వెళ్ళారు.

మరొకటి కూడా చూచాము. మ్రింగలేని రోగులకు ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ద్రవాహారం – పాలు, పప్పుకట్టు, గుడ్డు కలిపి మిక్సీలో వేసినది – పొద్దున ఒకేసారి కలిపి సీసాలలో వార్డుకు పంపుతున్నారు. అది సాయంత్రం వరకు మంచం ప్రక్కని స్టూలు మీద వుంటున్నది. ఆసుపత్రిలో అందరికంటే బలహీనుడు ఆ గొట్టం మీద ఆధారపడిన మనిషి; వాసన చూచి వద్దనే అవకాశమైనా అతనికి లేదు. ఇది నర్సుల నిర్లక్ష్యం అనకండి. నలభై మంది రోగులకు ఒక నర్సు వున్నచోట రెండు గంటలకొకసారి తాజాగా కలపమనడం ఉత్తర్వు మాత్రమే అవుతుంది.

మూడవరోజు ఉదయం, తొలగించిన ఆమె స్థానంలో వచ్చినావిడ వుడికిన గుడ్ల పెంకులు వొలుస్తూ మాటిమాటికీ లేచి వెళుతున్నది. ముఖం వాడిపోయి వున్నది. పొద్దుటినుండి నాలుగుసార్లు దొడ్డికి వెళ్ళానని మెల్లగా చెప్పింది. "ఇంటికి వెళ్ళి పడుకోవచ్చును కదమ్మా" అని మేమంటే, "పోతే ఈ రోజు కూలి పోద్దండీ. రెండు రోజులు రాకపోతే నా బదులు ఇంకొకరొస్తారు. ఆవిడ బదులు నేనొచ్చినట్టే" అన్నది.

వుడికిన గుడ్డుకు ఇక మంట తగలదు. ఒలిచిన చేతిమీద ఏమి వుంటే అది నేరుగా రోగి నోటికి పోతుంది. ఆ గుడ్లను ఆపించి, ఆనాటి ఆమె కూలిని చందా వేసుకొని ఇచ్చి ఇంటికి పంపాము. చందాతో ఒకరోజు గడుస్తుంది. ఏడాదిలో 365 రోజులు వున్నాయి.

ఈ సందర్భంలో ఒక పాత చరిత్ర మీకు చెప్పాలి. ఐర్లండు నుండి అమెరికా వెళ్ళి న్యూయార్కులో ధనికుల ఇళ్ళలో వంటచేసి బ్రతికిన మేరీ మాలన్ అనే స్త్రీని "టైఫాయిడ్ మేరీ" అని లోకం ఎగతాళి చేసింది. ఆమెకు జబ్బు లక్షణాలేవీ లేవు. కాని టైఫాయిడ్ క్రిములు ఆమె శరీరంలో నివాసమున్నాయి. ఆమె వండిన ఇళ్ళలో ఒకదాని తరువాత ఒకటిగా జ్వరాలు వచ్చాయి. వేడివేడి వంటకాలతో కాదు, మంట తగలని పచ్చిపండ్లు కోసి కలిపిన ఐస్‌క్రీముతో వచ్చివుంటాయని విచారించినవారు భావించారు. 1907లో ఆమెను పట్టుకొనిపోయి ఒక ద్వీపంలో నిర్బంధించారు. 1910లో, ఇక వంట చేయనని మాట తీసుకొని విడిచిపెట్టారు. విడిచిపెట్టి చూపిన పని బట్టలు వుతకడం. దానికి వంటపని కంటే కూలి తక్కువ. కొంతకాలానికి ఆమె పేరు మార్చుకొని మళ్ళీ వంటపనిలో చేరింది. 1915లో ఆమె దొరికినచోటు ఒక ప్రసూతి ఆసుపత్రి. అక్కడ 25 మందికి టైఫాయిడ్ వచ్చింది, ఇద్దరు మరణించారు. మళ్ళీ ఆ ద్వీపానికే పంపారు. 1938లో మరణించేవరకు ఆమె అక్కడే వున్నది.

ఆమె మొండితనం గురించి వ్రాయబడినది చాలా వున్నది. ఆమె చేసినది సరియైనదని మేము అనము; ఆ ఇద్దరి ప్రాణాలకు విలువ కట్టలేము. కాని ఒక నగర ప్రభుత్వం ఒక కార్మికురాలి వృత్తిని ప్రజాక్షేమం కొరకు తీసివేసినప్పుడు, ఆ వృత్తి ఇచ్చిన జీతాన్ని ప్రజాక్షేమం పద్దు క్రింద ఎందుకు వ్రాయలేదు? ద్వీపంలో ఇరవై ఆరు సంవత్సరాలు ఆమెను కాపలాకాయడానికి అయిన ఖర్చులో ఎన్నవ వంతు ఆమె జీతమై వుండేది?

మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు నుండి అమలులోకి వచ్చింది. దానిక్రింది నిబంధనలు ఆహారం ముట్టుకొనే ప్రతి మనిషికీ ఏటా వైద్యపరీక్ష చేయించాలని, టైఫాయిడ్ జాతి జబ్బులకు టీకా వేయించాలని, అంటుజబ్బుతో వున్నవారిని వంటపనికి దూరంగా వుంచాలని చెబుతున్నవి. మంచి నిబంధనలే. వాటికి మనం వ్యతిరేకులం కాము. దూరంగా వుంచిన దినాలకు కూలి ఎవరివ్వాలో మాత్రం అందులో చెప్పలేదు. 1948 నాటి ఇ.యస్.ఐ. చట్టంలో అస్వస్థతా భృతి వుండేది కదా అంటారు. వేతనంలో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 రోజుల వరకు ఇచ్చే ఏర్పాటు అది. కార్మికులకు నిజంగా మేలుచేసినది. కాని జబ్బుపడిన మొదటి రెండు రోజులకు భృతి లేదన్నది ఆ చట్టమే. విరేచనాల జబ్బు సాధారణంగా ఎన్నిరోజులు వుంటుంది? రెండు, మూడు రోజులు. వంటమనిషిని వంటశాల నుండి తప్పించవలసిన జబ్బు ఏదో, సరిగ్గా ఆ జబ్బే ఆ సందులోనుండి జారిపోయేది. విరేచనాలు ఆగిన తరువాత కూడా 48 గంటలపాటు ఆహారం ముట్టరాదని అనేక దేశాల ఆరోగ్యశాఖలు చెబుతున్నవి. ఆ 48 గంటలు మనిషి ఆరోగ్యంగానే వుంటుంది. ఏ డాక్టరు ఏమని సర్టిఫికెట్ ఇస్తాడు?

రైల్వే క్యాంటీన్ల సిబ్బందిలో చట్టబద్ధమైన క్యాంటీన్లవారు, గుర్తింపుగల క్యాంటీన్లవారు రైల్వే ఉద్యోగులేనని 1990లో ఎమ్.ఎమ్.ఆర్. ఖాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్రప్రభుత్వ కార్యాలయాల డిపార్ట్‌మెంటల్ క్యాంటీన్లవారికి, అంటే తపాలాశాఖలోని మన సోదరులకు కూడా, ఆ మరుసటి సంవత్సరమే ప్రభుత్వోద్యోగుల హోదా లభించింది. ఆ హోదాతోపాటు సెలవు వచ్చింది. సెలవు వున్న వంటవాడు జ్వరం వస్తే ఇంట్లో పడుకొంటాడు. ఆ తీర్పును మనం జీతాల విజయంగానే చెప్పుకొంటూ వచ్చాము. అది భోజనం చేసేవారి విజయం కూడా. ఆ తరువాత అనేకచోట్ల వంటశాలలు కాంట్రాక్టు క్రిందికి పోయాయి. కాంట్రాక్టు మనుషులు మన సభ్యులు కారు కదా అనేవారు మనలో లేకపోలేదు. వారికి మా జవాబు ఒకటే: వార్డులో పడుకొని ఆ పళ్ళెం అందుకొంటున్నది మన సభ్యులే.

సెలవు ఒక్కటే చాలదు. వంటమనిషి మాటకు విలువ వుండాలి. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షలో తేలింది. నూనె వాసన తేడాగా వున్నదని వంటమనిషి చెప్పినా, దానితోనే వండమన్నారని ఆనాటి పత్రికలు వ్రాశాయి. ఆమె కూడా తిని ఆసుపత్రి పాలయింది. ఆ వంటమనుషులకు 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవవేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ సంవత్సరంలో పది మాసాలకే. రాష్ట్రాలు తమ తమ వంతు కలుపుతాయి. వేయి రూపాయల మనిషి "ఇది వడ్డించను" అంటే వినేదెవరు? ముక్కుకు తెలిసిన నిజాన్ని నోటితో చెప్పి నిలబెట్టుకోవడానికి వుద్యోగభద్రత కావాలి. ఏ ధర్మామీటరూ పురుగుమందును పట్టుకోలేదు. ఆనాడు దానిని కనిపెట్టగలిగినది ఒక్క వంటమనిషి ముక్కు.

తనిఖీ గురించి కూడా ఒక మాట. 1984 ఆగస్టులో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డు పట్టణంలో స్టాన్లీ రాయిడ్ అనే మానసిక వైద్యశాలలో సాల్మొనెల్లా వల్ల 19 మంది రోగులు మరణించారు. రోగులు, సిబ్బంది కలిసి నాలుగువందల మందికి పైగా జబ్బుపడ్డారు. మరణించినవారు వృద్ధ రోగులు. వండిన మాంసాన్ని వేసవి దినాన గంటల తరబడి ఫ్రిజ్ వెలుపల వుంచి చల్లని భోజనంగా వడ్డించారు. అంత సంపన్న దేశంలో, అంత పేరున్న ఆరోగ్య సర్వీసులో ఇది జరిగింది. ఆనాటికి ప్రభుత్వ ఆసుపత్రులు రాజుగారి ఆస్తి అనే పాత సూత్రం క్రింద ఆహార చట్టాలలో ప్రాసిక్యూషన్‌కు అతీతంగా వుండేవి. వీధిచివరి హోటలును మూయించగల ఇన్‌స్పెక్టరు ఆసుపత్రి వంటశాలపై కేసు పెట్టలేడు. 1986లో విచారణ నివేదిక వెలువడింది, ఆ సంవత్సరమే చట్టం చేసి ఆ మినహాయింపును తొలగించారు. మన రైల్వే ఆవరణలలో ఆహార చట్టాన్ని అమలుపరచే బాధ్యత రైల్వే వైద్యవిభాగపు అధికారులదే. వారి నిజాయితీని మేము శంకించడం లేదు. అయినా తన ఇంటి వంటను తానే రుచిచూచి మార్కులు వేసుకొనే పద్ధతిలో బయటి కన్ను ఒకటి వుండటం మేలు. ఆ తనిఖీ జట్టులో సంఘ ప్రతినిధి వుండాలని మనం కోరుతున్నాము. అతను గడియారం చూస్తాడు.

ఆ ఆసుపత్రి సంగతి ఏమయిందని మీరు అడుగుతారు. పి.యన్.యం. సమావేశంలో మా నోటుపుస్తకాన్ని బల్లమీద పెట్టాము. "ముందుగా వండితే తప్పేమిటండీ, మన ఇళ్ళలో వండుకోవడం లేదా?" అని ఒక అధికారి అన్నారు. ఆయన ఇంట్లో కిలో బియ్యం వండుతారు, తినేవారు ఆరోగ్యవంతులు అని మర్యాదగానే చెప్పాము. ఎనిమిది మాసాలు పట్టింది. సాయంకాలపు షిఫ్టును తిరిగి పెట్టారు. అన్నం ఇప్పుడు ఆరున్నరకు దిగుతున్నది. వేడి నిలిపే మూతబండ్లు రెండు వచ్చాయి. స్త్రీల వార్డుకు ముందు బండి వెళుతున్నది. తొలగించిన సహాయకురాలిని వెనుకకు తీసుకున్నారు. ద్రవాహారం పూటకు రెండుసార్లు కలుపుతున్నారు, అది చాలదు. జబ్బు దినాల కూలి మాత్రం రాలేదు. అది కాంట్రాక్టు షరతులలో లేదని పాలనావిభాగం అంటుంది, టెండరు ధరలో లేదని కాంట్రాక్టరు అంటాడు.

మీ మీ ఊళ్ళకు వెళ్ళిన తరువాత మొదట చేయవలసినది ఖర్చులేని పని. వంటశాలలో ఒక పలక పెట్టించి, గుండిగ దించిన సమయం, చివరి పళ్ళెం అందిన సమయం వ్రాయించండి. పాతిక రోజులు వ్రాస్తే మీ చేతిలో కోర్కెల పత్రం తయారవుతుంది. పచ్చిమాంసం కోసిన పీట మీద పండ్లు కోయకుండా వేరు పీట, వేరు కత్తి అడగండి. సబ్బు అడగండి, చాలా వంటశాలలలో చేతులు కడుక్కోమనే బోర్డు వున్నది గాని కుళాయి ప్రక్కన సబ్బు లేదు. వేలికి గాయమైనవారికి ఆ పూట పాత్రల లెక్కో, సరుకుల చీటీయో అప్పగించే ఏర్పాటు చేయించండి. కూలి తగ్గకుండా పని మార్చడం యాజమాన్యం ఒప్పుకోదగిన మెట్టు.

ఇళ్ళలోని పెద్దవారికి కూడా చెప్పండి. వేసవిలో దూరప్రయాణం చేసే పింఛనుదారు దంపతులు పొద్దున కట్టుకొన్న పెరుగన్నాన్ని రాత్రికి విప్పరాదు. స్టేషనులో కొనేది ఆవిరి వచ్చే వేడిలో వుంటేనే కొనాలి. కోసిపెట్టిన పండ్లకంటే అరటిపండు నయం, దాని తొడుగు దానికే వున్నది.

వచ్చే పి.యన్.యం.కు మన ఫెడరేషన్ తరఫున పంపుతున్న అంశం ఇది: ఆసుపత్రి వంటశాలలు, క్యాంటీన్లు, రన్నింగ్ రూముల కాంట్రాక్టులన్నిటిలో, ఆహారం ముట్టుకొనే ప్రతి మనిషికీ జబ్బు మొదటిరోజు నుండి పూర్తి కూలితో సెలవు, లక్షణాలు తగ్గిన తరువాత మరి 48 గంటల వరకు, ఆ ఖర్చు టెండరులోనే ప్రత్యేక పద్దుగా చూపాలి. ముసాయిదా ప్రతులు మీ బల్లలమీద వున్నాయి. భోజన విరామంలో సంతకాలు సేకరిస్తారు. వంటశాలల నుండి వచ్చిన సోదరీసోదరులు ముందుగా చదివి, మాటలు మార్చవలసినచోట మార్చి, మొదటి సంతకాలు వారే చేయాలని మా కోరిక.